టైటానియం వైట్ ట్యూబు గారికి బెజవాడ విన్నపం

మహారాజశ్రీ టైటానియం వైట్ (తెల్ల నూనెరంగు) ట్యూబు గారి సముఖమునకు,

బయట ఎండ పేలిపోతుంటే ఫ్యాను కింద కూర్చుని మంచు కొండలు వేసే బెజవాడ చిత్రకారుల తరఫున రాసుకున్న విన్నపం. మాకు తెలిసిన మంచు రెండే రకాలు: బండి మీద తురిమిన ఐసు, ధనుర్మాసంలో పొద్దున్నే కృష్ణ మీద కాసేపు నిలిచే పొగమంచు. అందుకే మంచంటే తెలుపని మా గట్టి నమ్మకం. మిగతా రంగులు 40 మిల్లీలీటర్లవి తెచ్చుకుని, తమర్ని మాత్రం 120ది తెచ్చుకునేది ఆ నమ్మకంతోనే. తీరా 16 బై 20 అంగుళాల కాన్వాసు నిండా తమర్ని పులిమితే తేలేది మంచా? సంక్రాంతికి ప్రహరీగోడకి కొట్టిన వెల్ల!

ఫ్రెంచి చిత్రకారుడు క్లోద్ మోనే 1868-69 చలికాలంలో 'ద మ్యాగ్‌పై' వేశాడు. తడిక మీద పిట్ట, మంచు మీద ఆ తడిక నీడ. నీడ నీలం! 1869లో పారిస్ సాలోన్ అనే పెద్ద చిత్రప్రదర్శన వాళ్లు ఆ బొమ్మని తిప్పి కొట్టారు. ఇప్పుడది పారిస్‌లోనే ఓర్సే మ్యూజియంలో దర్జాగా ఉంది. అందులో తమరి ప్రమేయం లేదు, అప్పటికి తమరు పుట్టనేలేదు. అది సీసపు తెలుపు కాలం. ఆవిడ విషమే కానీ పక్క రంగుల్ని బతకనిచ్చేది. తమరు కాస్త ఎక్కువ పడితే చాలు, అలిజరిన్ క్రిమ్సన్ అంతటి ముదురెరుపు స్ట్రాబెర్రీ ఐస్‌క్రీమ్ అయి కూర్చుంటుంది.

ఎండ తగలనిచోట మంచు మీద పడేది ఆకాశపు వెలుగే, అందుకే ఆ నీలం. నాలుగింటప్పుడు డాబా మీద ఆరేసిన తెల్ల పంచె మడతల్లోకి చూస్తే తెలిసిపోతుంది. అసలు తెల్లబట్టకి నీలిమందు పెట్టాలని మా అమ్మమ్మలకి ఏ సాలోనూ చెప్పలేదు. ఆ నీలిమందులో వాడుతూ వచ్చిన రంగుపొడి చాలావరకు మేం బొమ్మల్లో వాడే ముదురునీలం అల్ట్రామెరీనే.

కాబట్టి ఇకమీదట తమరి వంతు చివర. ముందు బర్న్ట్ సియెనా అనే ఎర్రమట్టి రంగుని టర్పెంటైన్‌లో పల్చటి టీ రంగుకి తెచ్చి కాన్వాసుకి పూసి, పాత బనీనుతో తుడిచేస్తాం. అది ఆరాక చెట్ల మోళ్లు. వాటికి అల్ట్రామెరీన్, బర్న్ట్ సియెనా కలిస్తే చాలు, నల్లరంగు మూత తియ్యక్కర్లేదు. తర్వాత నీడలు: ఉసిరికాయంత తమరు, బఠాణీగింజంత అల్ట్రామెరీన్, ఆవగింజంత అలిజరిన్. నీలాన్ని తమరిలో కొద్దికొద్దిగా కలపాలి. తిరగేసి నీలంలో తమర్ని కలుపుతూ పోతే రంగు తేలేలోపు ట్యూబు చుట్ట చుట్టుకుపోతుంది (తమరి తయారీదారులకి అదే కావాలేమో). ఎండపడ్డ మంచుకి తమరిలో కందిగింజంత నేపుల్స్ యెల్లో. ఒట్టి తమరు? ఎండ నేరుగా కొట్టే అంచుల మీద నాలుగైదు ముద్దలు, అంతే.

కుంచె 8వ నంబరు పందివెంట్రుకల ఫ్లాట్ (చదును కుంచె). ముద్ద పెట్టాలి, ఎత్తాలి, గుడ్డకి తుడవాలి. బాగా రాలేదని అక్కడే మళ్లీ రుద్దితే తడి నీలమూ తడి పసుపూ కలిసి మజ్జిగపులుసు తయారు. అప్పుడు తమర్ని ఇంకాస్త పిండటం మా అలవాటు. దాంతో పులుసు సుద్దముక్క అవుతుంది. ఆ చోటు కత్తితో గీకేసి మళ్లీ వెయ్యడమే దారి.

ఇక తమరు ఆరే తీరు! నూనెరంగు తడారి గట్టిపడదు, గాలిలో ఆక్సిజన్ పట్టుకుని గట్టిపడుతుంది. పై పొర గట్టిపడ్డా మందం ముద్ద లోపల నెలల తరబడి మెత్తగానే ఉంటుంది. లిన్సీడ్ (అవిసె) నూనె ఎక్కువ కలిపితే పైన మీగడలా ముడతలు. దుమ్ము పడుతుందని మంచం కింద దాస్తే చీకట్లో పసుపు రంగుకి తిరుగుతారు. వెలుగులో నిలబెడితే కొంత తేరుకుంటారు.

ఈలోగా ఫ్యాను గాలికి కొట్టుకొచ్చిన బెజవాడ దోమ ఒకటి ఎండపడ్డ మంచు మీద అతుక్కుంటుంది. మోనేకి పిట్ట, మాకు దోమ. తడి మీద గోటితో తీస్తే రెక్క ఒక గీత, కాలు ఒక గీత, కడుపులోది ఎర్రగా ఇంకో గీత. ముట్టుకోకుండా పై పొర గట్టిపడనిచ్చి, అప్పుడు ఎండిన కుంచెతో విదిలిస్తే రాలిపోతుంది.

ఇట్లు,
తమరి మూత బిగుసుకుపోతే తలుపు సందులో పెట్టి తిప్పే,
బెజవాడ వాసులు