కొత్త సింటాక్స్ పైథాన్‌ని ముంచేస్తోందన్న ఆ మెసేజ్ గురించి

ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ల పిల్లల నుంచి మధురవాడ ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళ దాకా వైజాగ్‌లో చాలామంది ఫోన్లలో ఒక మెసేజ్ తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ అయిన పైథాన్‌లో సింటాక్స్ (కోడ్ రాసే వ్యాకరణం) మార్చిన ప్రతిసారీ పాత కోడ్ పనిచేయకుండా పోతుంది, వాల్రస్ అనే కొత్త ఆపరేటర్ తెచ్చి పైథాన్ సృష్టికర్త గైడోనే వెళ్ళగొట్టారు, ఎవరేం అడిగినా చేర్చేస్తున్నారు, కాబట్టి కొత్తవాళ్ళు వేరే లాంగ్వేజ్ చూసుకోవడం మంచిది. ఆ చివరి ముక్క చదివి సెకండియర్ పిల్లలు టెన్షన్ పడుతున్నారు, అందుకే ఇంత రాస్తున్నాను.

ముందు పాత కోడ్ సంగతి. పైథాన్ వెర్షన్ 2 నుంచి 3కి మారడానికి జనం నానా అవస్థలు పడ్డారు, నిజమే. 3.0 వచ్చింది 2008 డిసెంబరులో, 2కి సపోర్ట్ ఆగింది 2020 జనవరి 1న. కానీ మెసేజ్ ఆ తప్పంతా ప్రింట్‌కి బ్రాకెట్లు పెట్టడం మీదికి నెట్టేసింది. ప్రింట్ లైన్లను మార్చడానికి పైథాన్‌తోనే ఒక టూల్ వచ్చేది, ఆ పని అదే చేసిపెట్టేది. అసలు తిప్పలు పెట్టింది స్ట్రింగులనీ (అక్షరాల టెక్స్ట్) బైట్లనీ (కంప్యూటర్ దాచుకునే ముడి డేటా) విడగొట్టడం, దానికీ సింటాక్స్‌కీ సంబంధం లేదు. పైగా అది మనకి మేలే చేసింది: పైథాన్ 2లో యూటీఎఫ్-8 (ఒక్కో తెలుగు గుర్తుకి మూడు బైట్లు వాడే పద్ధతి) ఫైల్లో మామూలు కోట్స్ మధ్య విశాఖపట్నం అని రాసి పొడవు అడిగితే 30 అనేది, ఎందుకంటే అది లెక్కపెట్టేది బైట్లని, 3లో గుణింతపు గుర్తులు, పొల్లు, సున్నా విడివిడిగా లెక్కేసి 10 అంటుంది. ఆ పదంలో మొదటి నాలుగూ కోసి ప్రింట్ చేస్తే పాతదాంట్లో 'వ' తర్వాత చెత్త వచ్చేది. తెలుగు డేటాతో పనిచేసేవాళ్ళు కూడా ఆ మార్పుని తిడుతుంటే నాకు బాధేస్తుంది.

3 వచ్చాక సింటాక్స్ వల్ల నిజంగా దెబ్బతిన్న సందర్భం ఒకటుంది, విచిత్రంగా మెసేజ్‌లో దాని ఊసే లేదు. 2018లో వచ్చిన 3.7లో ఎసింక్ (async) పూర్తి కీవర్డ్ అయింది, అంటే ఇక దేనికీ పేరుగా పెట్టుకోకూడని మాట, దాంతో ఆ పేరుతో ఆర్గ్యుమెంట్లు (ఫంక్షన్లకి ఇచ్చే విలువలు) పెట్టుకున్న లైబ్రరీలు పేర్లు మార్చుకోవాల్సి వచ్చింది, పైటార్చ్‌తో సహా. అదే 2021లో 3.10లో ఒక విలువని నమూనాలతో పోల్చి చూసే మ్యాచ్ (match) తెచ్చినప్పుడు, దాని స్థానంలో ఉంటేనే కీవర్డ్, లేకపోతే మామూలు పేరే అన్నట్టు పెట్టారు. అలా చేయకపోతే టెక్స్ట్‌లో నమూనాలు వెతికే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల మాడ్యూల్‌లో అందరూ వాడే మ్యాచ్ ఫంక్షన్ ఆ రోజే ఆగిపోయేది.

ఇక గైడో వాన్ రోసమ్. ఒక విలువకి పేరు పెడుతూనే అక్కడే వాడుకోనిచ్చే వాల్రస్ (:=) ప్రతిపాదన రాసినవాళ్ళలో ఆయనా ఒకరు, ఆమోదించిందీ ఆయనే. 2018 జులైలో తుది నిర్ణయాల బాధ్యత వదులుకుంటూ, ఒక్క ప్రతిపాదన కోసం ఇంత పోట్లాడటం, చివరికి అంతమందికి తన నిర్ణయాలు గిట్టకపోవడం ఇక వద్దన్నారు. అంటే ఆయన్ని అలసిపోయేలా చేసింది వాదించుకున్న తీరు. ఆ తర్వాతి ఏడాది పైథాన్ నిర్ణయాలు చూసే ఐదుగురి మొదటి స్టీరింగ్ కౌన్సిల్‌కి ఎన్నికయ్యారు, మ్యాచ్ ప్రతిపాదనలోనూ ఆయన పేరుంది. వెళ్ళగొట్టిన మనిషి చేసే పనులా ఇవి?

వాల్రస్ నాకూ అన్నిచోట్లా నచ్చదు, లిస్ట్ కాంప్రహెన్షన్ (ఒకే లైన్లో లిస్ట్ తయారుచేసే పద్ధతి) లోపల ఇరికిస్తే చదవడానికి తల ప్రాణం తోకకొస్తుంది. కానీ ఫైల్‌ని 4096 బైట్ల చొప్పున చదివే వైల్ లూప్ (షరతు నిజమైనంతసేపు తిరిగేది) చూడండి: వాల్రస్ లేకపోతే లూప్ బయట ఒకసారి, లోపల చివర్లో మరోసారి అదే రీడ్ లైన్ రాయాలి, రెండోది మర్చిపోతే లూప్ ఆగదు. వాల్రస్‌తో ఆ లైన్ ఒక్కచోటే ఉంటుంది.

ఎవరేం అడిగినా చేర్చేస్తారన్న మాట శుద్ధ అబద్ధం. విలువ నన్ (None, అంటే ఏమీ లేదని) అయితే అక్కడితో ఆగిపోయే ప్రశ్నార్థకం-చుక్క (?.) ఆపరేటర్ని 2015లో ప్రతిపాదించారు, 3.13 వచ్చినా అది భాషలోకి రాలేదు. ఒక్క లైన్లో ఇఫ్-ఎల్స్ రాసుకోవడానికి 2003లో ఓటింగ్ కూడా పెట్టారు, ఏదీ తేలలేదు, చివరికి గైడో ఒక రూపం ఎంచితే 2006లో 2.5లో వచ్చింది.

కొత్తవాళ్ళకి ఒక్క మాట. క్లాసులో నేర్చుకున్న ఇఫ్, ఫర్, డెఫ్ 3.13లోనూ అలాగే నడుస్తాయి, వాల్రస్ గానీ మ్యాచ్ గానీ వాడి తీరాలని ఎవరూ అనట్లేదు. ముందు ఇఫ్, ఫర్, డెఫ్ బాగా వచ్చేదాకా రాయండి, మిగతావి ఎవరి కోడ్‌లోనైనా ఎదురైనప్పుడు చూసుకోవచ్చు.