టార్గెట్ పెట్టినవాళ్ళకి ట్రైనింగ్ ఎప్పుడు?

ఏటా ఆఫీసులో ఎథిక్స్ ట్రైనింగ్ అని ఒకటి ఉంటుంది. వీడియో ఒక పక్క నడుస్తుంటే ఇంకో పక్క మెయిల్స్ చూసుకుంటాం. చివర్లో క్విజ్. "వెండర్ ఖరీదైన బహుమతి ఇస్తే ఏం చేస్తారు?" ఇచ్చిన జవాబుల్లో ఒకటి తప్ప మిగతావన్నీ పచ్చి దొంగతనాలే కాబట్టి ఫెయిలవడం కష్టం. సర్టిఫికెట్ వచ్చేస్తుంది.

ఆ క్విజ్‌లో ఎన్నడూ కనిపించని ప్రశ్న ఒకటుంది. "మీకిచ్చిన టార్గెట్ నిజాయితీగా అందుకోలేనిదని తెలిసినప్పుడు ఏం చేస్తారు?" అడగరు. అడిగితే జవాబు ఆ టార్గెట్ పెట్టినవాళ్ళు కూడా చెప్పాలి మరి.

అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు సంగతి చూడండి. ఒక్కో కస్టమర్‌కి ఖాతాలు, కార్డులు, లోన్లలాంటి ప్రోడక్టులు ఎనిమిది అమ్మాలని లక్ష్యం పెట్టారు. ఎనిమిదే ఎందుకంటే, ఇంగ్లీషులో 'ఎయిట్'కీ 'గ్రేట్'కీ ప్రాస కుదిరిందట! ఇది నా వెటకారం కాదు, అప్పటి సీఈఓ జాన్ స్టంఫ్ స్వయంగా వార్షిక నివేదికలో రాసుకున్న మాట. కింద బ్రాంచిల్లో ఉన్నవాళ్ళకి మాత్రం అది ప్రాస కాదు, రోజూ మెడ మీద కత్తి. కస్టమర్లకు తెలియకుండా ఖాతాలు తెరిచారు, దొంగ ఈమెయిల్ ఐడీలు సృష్టించారు. 2016లో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. అనుమతి లేకుండా తెరిచి ఉండొచ్చన్న ఖాతాల లెక్క మొదట 20 లక్షలు, మరుసటి ఏడాదికి 35 లక్షలు.

ఈ వ్యవహారంలో ఉద్యోగాలు పోయింది సుమారు 5,300 మందికి. ఎక్కువమంది కింది స్థాయి వాళ్ళే. తప్పు చేశారా? చేశారు. కానీ అన్ని వేలమంది ఒకే రకం తప్పు చేస్తే, అది మనుషుల గుణమా, పైనుంచి వచ్చిన లెక్కా? అక్రమాల గురించి కంపెనీ హాట్‌లైన్‌కి ఫోన్ చేసిన ఒక మేనేజర్‌ని కూడా తీసేశారు. 2017లో ప్రభుత్వ సంస్థ జోక్యం చేసుకుని, ఆ మనిషిని మళ్ళీ చేర్చుకోవాలని, సుమారు 54 లక్షల డాలర్లు చెల్లించాలని ఆదేశించింది. ఎంతమందికి అంత ఓపిక ఉంటుంది?

నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించేది, తప్పు చేయమని ఎవరూ నోటితో చెప్పరు. "ఎలాగోలా చూడు", "ఈ క్వార్టర్‌కి సర్దెయ్", "డీటెయిల్స్ నాకొద్దు, నంబర్ కావాలి". ఇవన్నీ ఫోన్లోనో, కారిడార్లోనో. మెయిల్లో ఒక్క ముక్క ఉండదు. "సార్, ఇది రాసి పంపండి" అన్నవాడికి అప్రైజల్లో 'టీమ్ ప్లేయర్ కాదు' అని పడుతుంది. రేపు విచారణ వస్తే సంతకం మనది, బోనస్ వాళ్ళది. ఇంటి లోను, పిల్లల ఫీజులు ఉన్నవాడు ఎదురు తిరగలేదని తిట్టడం చాలా సులువు.

డబ్బు తినకపోయినా ఇదే జరుగుతుంది. 1986 జనవరిలో అమెరికా స్పేస్ షటిల్ చాలెంజర్ ప్రయోగానికి ముందు రాత్రి, ఆ చలికి రాకెట్ అతుకుల్లోని రబ్బరు సీళ్ళు (ఓ-రింగులు) సరిగా పనిచేయవని, ఆ రాకెట్లు తయారుచేసిన మోర్టన్ థయోకాల్ కంపెనీ ఇంజినీర్లు గట్టిగా వాదించారు. అప్పుడు అక్కడి పెద్ద అధికారి ఒకాయన ఇంజినీరింగ్ విభాగాధిపతితో "ఇంజినీరు టోపీ తీసి మేనేజర్ టోపీ పెట్టుకో" అన్నాడు. ఆయన పెట్టుకున్నాడు, ప్రయోగానికి సరే అన్నాడు. మర్నాడు ఎగిరిన 73 సెకన్లకే షటిల్ ముక్కలైంది, అందులోని ఏడుగురూ చనిపోయారు. ఆ గదిలో ఎవరూ లంచం తీసుకోలేదు. క్విజ్ పెడితే అందరూ పాసయ్యేవాళ్ళే.

కాగితం మీద నీతి కావాలంటే అమెరికా ఇంధన కంపెనీ ఎన్‌రాన్‌కీ ఉండేది, 60 పేజీలు దాటిన నియమావళి. లెక్కల్లో మోసం బయటపడి 2001లో దివాలా తీసింది. సరే, దాని గురించి అందరికీ తెలుసు.

నేనడిగేది పెద్ద కోరికేం కాదు. మోసం బయటపడితే, చేసినవాడి పేరు పక్కనే ఆ టార్గెట్ మీద సంతకం పెట్టినవాడి పేరు కూడా రావాలి. ఆ నంబర్ల మీద తీసుకున్న బోనస్ వెనక్కి కట్టాలి. కుదరదని చెప్పకండి. వెల్స్ ఫార్గో బోర్డే స్టంఫ్ నుంచి, ఆ విభాగం చూసిన అధికారి నుంచి కోట్ల డాలర్లు వెనక్కి రాబట్టింది. 2020లో స్టంఫ్ 1.75 కోట్ల డాలర్ల జరిమానాకి ఒప్పుకున్నాడు, బ్యాంకింగ్ రంగం నుంచి జీవితకాల నిషేధం కూడా పడింది. కాకపోతే అప్పటికి ఆ 5,300 మంది ఇంటికెళ్ళి చాలా ఏళ్ళయింది.