నెట్టెంపాడా, భీమానా? తప్పు అభ్యర్థిది కాదు

నల్లగొండ, పాలమూరు స్టడీ హాళ్లలో గ్రూప్స్‌కు చదివే పిల్లల నోట తరచూ వినిపించే మాట: ‘‘చదివిందే సార్, పరీక్షలో గుర్తుకు రాలేదు.’’ ఇంట్లోవాళ్లు శ్రద్ధ లేదంటారు. ఇది అన్యాయం. చదవక మరిచిపోవడం వేరు, ఒకేలా ఉన్నవి వరసగా చదివి తికమకపడటం వేరు.

పాలమూరు ఎత్తిపోతల పథకాలే చూడండి. మహాత్మాగాంధీ కల్వకుర్తి, జవహర్ నెట్టెంపాడు, రాజీవ్ భీమా, కోయిల్‌సాగర్. నాలుగూ కృష్ణా నీళ్లే. కల్వకుర్తికి శ్రీశైలం నుంచి, మిగతా మూడింటికీ జూరాల నుంచి. ఆ జూరాల పేరేమో ప్రియదర్శిని. నాగార్జునసాగర్ దగ్గరికొస్తే ఎడమ కాలువ లాల్ బహదూర్, కుడి కాలువ మళ్లీ జవహర్! నేర్చుకున్నది ఎక్కడికీ పోలేదు, ఏది దేనిదో తేలడం లేదంతే.

కొత్త చదువు పాతదాన్ని కప్పేస్తుందని అందరికీ తెలుసు. పాతది కొత్తదానికి అడ్డుపడటమే అసలు దెబ్బ. 1957లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బెంటన్ అండర్‌వుడ్ జ్ఞాపకశక్తి మీద జరిగిన పాత ప్రయోగాలను పక్కపక్కన పెట్టి చూశాడు. అంతకుముందే చాలా జాబితాలు బట్టీపట్టినవాళ్లు కొత్త జాబితాలో సుమారు 75 శాతం ఒక్క రోజులో మరిచిపోయారు. ఒకే జాబితా నేర్చినవాళ్లు మరిచింది 25 శాతమే. అంటే ఎక్కువ బట్టీపట్టినవాళ్లే ఎక్కువ మరిచారు!

రోజులు గడిస్తే ఏదైనా చెరిగిపోతుంది, రివిజనే మందు అంటారు కోచింగ్ సార్లు. రివిజన్ కావాల్సిందే. కానీ అండర్‌వుడ్ లెక్కలో రెండు రకాలవాళ్లకూ గడిచింది అదే ఒక్క రోజు కదా! నాలుగు పేర్లను పట్టికగా వల్లిస్తే చిక్కు ఇంకా బిగుస్తుంది. కృష్ణా నది పటం గీయించండి. నెట్టెంపాడు నీళ్లు గద్వాల వైపు, భీమావి మక్తల్ వైపు, కోయిల్‌సాగర్‌వి దేవరకద్ర వైపు. తేడా కంటికి కనపడితేనే పేరు నిలుస్తుంది.

ఇంత తికమక పెంచేది మాత్రం ప్రభుత్వాలే. నలుగురైదుగురు నేతల పేర్లే అన్నింటికీ పెడతారు, అధికారం మారగానే ఉన్న పేర్లూ మారుస్తారు. రైతుబంధు పోయి రైతు భరోసా వచ్చింది, పక్కన రైతుబీమా ఉండనే ఉంది. భూరికార్డుల ధరణి భూభారతి అయింది. ఉమ్మడి మహబూబ్‌నగర్ 2016లో ముక్కలైంది, 2019లో నారాయణపేట వేరైంది. ఆఫీసు కౌంటర్ దగ్గర పెద్దాయన పాత పేరు చెబితే కసురుకుంటారు. ఏళ్ల తరబడి నోట నానిన పేరే ముందు వస్తుంది, ఆయన చేసిన తప్పేముంది? ప్రతి దరఖాస్తు మీద కొత్త పేరు పక్కన పాత పేరూ అచ్చు వేయాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ కలెక్టరేట్లు దీన్ని వచ్చే దరఖాస్తు నుంచే మొదలుపెట్టొచ్చు.