లద్దెలో దొరికే సాక్ష్యం

ఏనుగుల్ని దంతాల వేట నుంచి కాపాడటానికి వింత సలహాలకు కొదవ లేదు. దంతాలకు గులాబీ రంగు వేస్తే ఎవరూ కొనరన్నది అందులో ఒకటి. అలాంటి ఏనుగుల ఫొటోలు కూడా వైరల్ అయ్యాయి, అవి కంప్యూటర్‌లో చేసినవి. ఖడ్గమృగం కొమ్ములా దంతం కోసేస్తే సరి అనేవారూ ఉన్నారు. కొమ్ములో నరం ఉండదు, కోస్తే మళ్లీ పెరుగుతుంది. దంతమంటే పన్ను, దాదాపు మూడో వంతు పుర్రెలోనే ఉంటుంది. ఆ మిగిలిన ముక్క కోసమైనా వేటగాడు తుపాకీ పేలుస్తాడు.

వీటికన్నా, పెద్దలు చెప్పిన ఆర్థిక సూత్రమే ఎక్కువ చేటు చేసిందని మా అభిప్రాయం. గోదాముల్లోని దంతాలు చట్టబద్ధంగా అమ్మితే ధర పడిపోయి వేట ఆగుతుందన్నారు. 2008లో దక్షిణాఫ్రికా సహా నాలుగు దేశాల నుంచి వంద టన్నులకు పైగా చైనా, జపాన్‌లకు వెళ్లింది. ఆఫ్రికాలో వేట 2011 నాటికి తారస్థాయికి చేరింది. అమ్మకమే కారణమా అన్న వాదన అలా ఉంచితే, వేట ఆగుతుందన్న లెక్క తప్పింది కదా! చివరికి చైనాయే 2017 ఆఖరుకు ఆ వ్యాపారం మూసేసింది. మోజు మనకూ తక్కువేం కాదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో టిప్పు సుల్తాన్‌కు ఫ్రాన్స్ రాజు పంపాడని చెప్పే దంతపు కుర్చీల్ని చూసి ఎంతమంది మురిసిపోరు?

అసలు పనికొచ్చిన ఆలోచన లద్దెలోంచి వచ్చింది. అమెరికా శాస్త్రవేత్త శామ్యూల్ వాసర్ బృందం ఆఫ్రికా ఏనుగుల లద్దె సేకరించి, ఏ ప్రాంతపు ఏనుగులకు ఏ డీఎన్ఏ పోలికలుంటాయో మ్యాప్ గీసింది. పట్టుబడిన దంతాల్ని దాంతో సరిచూస్తే, భారీ సరుకులో అత్యధిక భాగం ప్రధానంగా రెండు ప్రాంతాలదేనని 2015లో తేలింది. తర్వాత ఒకే ఏనుగుకు చెందిన రెండు దంతాలు వేర్వేరు సరుకుల్లో బయటపడ్డాయి. సంబంధం లేదనుకున్న కేసుల వెనక ఒకే ముఠా ఉందని అలా తెలిసింది. ‘మా తాతల నాటిది సార్’ అనే బుకాయింపుకూ విరుగుడుంది. అణు పరీక్షలతో గాలిలో పెరిగిన కార్బన్-14 దంతంలో ఎంతుందో చూసి, ఏనుగు ఎప్పుడు చచ్చిందో అంచనా కట్టొచ్చు.

మన ఏనుగుల్లో పెద్ద దంతాలు మగవాటికే. వేట పుణ్యమా అని కేరళలోని పెరియార్‌లో ఒక దశలో వందకు పైగా ఆడ ఏనుగులకు ఒక్క పెద్ద మగ ఏనుగు మిగిలింది. ఇక్కడ ప్రతి దంతం కేసూ చివరిదాకా నడవాలి. హైదరాబాద్ అత్తాపూర్‌లో, జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వారి లాకోన్స్ ల్యాబ్ వన్యప్రాణి కేసుల్లో చిన్న ముక్క నుంచి అది ఏ జంతువుదో తేలుస్తుంది. దంతం కేసులో అది చాలదు. ఏ అడవిదో తెలిస్తేనే దళారి దగ్గర ఆగిన కేసు వేటగాడిదాకా వెళ్తుంది.

పట్టుబడిన ప్రతి దంతం నమూనానూ ల్యాబ్‌కు పంపడం రెండు తెలుగు రాష్ట్రాలూ తప్పనిసరి చేయాలి. చిత్తూరు జిల్లా కౌండిన్య అభయారణ్యం ఏనుగులవీ, ఒడిశా నుంచి మన్యం జిల్లాకు వచ్చిన మందలవీ లద్దె నమూనాలు ఏటా ఈ ల్యాబ్‌కు చేరాలి. లద్దె ఏరడానికి బడ్జెట్టా అని ఆర్థిక శాఖలో నవ్వితే నవ్వనీ, ఫైలు మాత్రం కదలాలి.