నాలుకని అణిచిపెట్టి పాడమనడం ఇక ఆపండి

"నాలుక కిందికి పెట్టు, గొంతు తెరువు." పాట నేర్చుకున్నవాళ్ళలో ఈ మాట వినని వాళ్ళు తక్కువ. దీన్ని నమ్మి 4 ఏళ్ళు నా గొంతుని నేనే బిగించుకున్నాను. ఇప్పటికీ ఎవరో ఒకరు చిన్నపిల్లలకి అదే మాట చెబుతుంటే విని ఊరుకోలేకపోతున్నాను.

నాకు నేర్పినవారు ఎంతో ప్రేమగా నేర్పారు. పై స్వరాలు అందడం లేదంటే, నాలుక అడ్డొస్తోంది, అణిచిపెట్టమన్నారు. అద్దం ముందు కూర్చుని, కొండనాలుక కనబడేదాకా నాలుకని అదిమి పాడేదాన్ని. చూడ్డానికి నోరు బ్రహ్మాండంగా తెరుచుకునేది. గొంతు మాత్రం కుండలో తలపెట్టి పాడినట్టుండేది. పై షడ్జం, అంటే పై "స" దగ్గరికి వచ్చేసరికి శ్రుతి ఓ వెంట్రుకవాసి తగ్గేది. 30 నిమిషాలకే గొంతు అలిసిపోయేది. ఇంకా అణచమన్నారు. అణిచాను.

లోపల ఏం జరుగుతుందో నాకెవరూ చెప్పలేదు. అద్దంలో కనబడేది నాలుకలో ముందు భాగం మాత్రమే. దాని మొదలు గొంతులోకి దిగి, హయాయిడ్ అనే చిన్న ఎముకని అంటిపెట్టుకుని ఉంటుంది. ఆ ఎముకకి ఇంకే ఎముకతోనూ కీలు లేదు, కండరాలూ స్నాయువులే దాన్ని పట్టి ఉంచుతాయి. దాని కింద వేలాడేదే స్వరపేటిక. మరి ముందు నాలుకని బలవంతంగా అణిస్తే ఆ కండంతా ఎక్కడికి పోవాలి? వెనక్కి పోతుంది, కిందికి పోతుంది. గొంతులో దారి ఇరుకవుతుంది, స్వరపేటిక మీద ఒత్తిడి పడుతుంది. పై స్థాయికి వెళ్ళాలంటే స్వరతంత్రులు సాగాలి. నెత్తిన బరువు పెట్టి సాగమంటే ఎలా సాగుతాయి?

బొటనవేలు గడ్డం కింద, ఎముక దాటాక మెత్తగా ఉండే చోట పెట్టండి. గుటక వేయండి. అక్కడ గట్టిపడి వేలిని కిందికి తోస్తుంది కదా. ఇప్పుడు వేలు తీయకుండా, పాటలో మీకు ఎప్పుడూ కష్టమయ్యే చోటు పాడండి. గుటక వేసినప్పటిలాగే గట్టిపడిందంటే టెన్షన్ అక్కడుంది. నేను మొదటిసారి ఇలా చూసుకున్న రోజు, పాట ఇంకా ఎత్తుకోలేదు, ఊపిరి తీసుకుంటున్నానంతే, అప్పుడే వేలి కింద రాయిలా తగిలింది. నాకు ఏడుపొచ్చింది.

"నాలుక వదులుగా పెట్టు" అన్నా లాభం లేదు. వదులు చేయాలనుకున్నకొద్దీ అది ఇంకా బిగుసుకుంటుంది. దానికి వేరే పని చెప్పాలి. నాకు అన్నిటికన్నా పనికొచ్చింది నాలుకని కింది పెదవి మీదికి మెల్లగా వదిలేసి, అలాగే ఆ-కారం పాడటం. మొదట్లో స్వరం వణుకుతుంది, ఊతకర్ర లాగేసినట్టుంటుంది. నాలుక ఇన్నాళ్ళూ ఎంత మోసిందో అప్పుడే తెలుస్తుంది. వెనక్కి లాక్కుంటూ ఉంటే శుభ్రమైన రుమాలుతో కొసని పట్టుకోవచ్చు, గుంజకూడదు. ఇంకోటి, "గంగ" అనబోయి సున్నా దగ్గర ఆగి, ఆ ముక్కులో మోగే నాదాన్నే సాగదీసి, అక్కడి నుంచి "ఆ"లోకి జారడం. సున్నా దగ్గర నాలుక వెనక భాగం గొంతుని వదిలి పైకి లేస్తుంది, కాబట్టి అణిచే వీలుండదు. పెదాలు బుర్రుమనిపిస్తూ స్వరాలు పాడటం కూడా మంచిదే.

మన భాషలో పాడేవాళ్ళు మరో చోట జాగ్రత్తపడాలి. "ళ", "ణ" పలికేటప్పుడు నాలుక కొస వెనక్కి మడుచుకుంటుంది, అది సహజం. హల్లు అయిపోగానే కొస ముందుకి వచ్చేసి కింది పళ్ళ వెనక వాలాలి. "కళ" అని "ళ" మీద దీర్ఘం తీస్తున్నప్పుడు అది వెనకే ఉండిపోతే, తర్వాత అచ్చంతా మింగినట్టు వినబడుతుంది. "ఈ" అన్నప్పుడు నాలుక అంచులు పై దవడ పళ్ళకి తగలడం తప్పు కానే కాదు. దాన్ని కూడా కిందికి నొక్కమనే వాళ్ళున్నారు, నొక్కితే అది "ఈ" ఎలా అవుతుంది?

అణిస్తే గంభీరంగా ఉంటుందని వాదిస్తారు. ఆ గాంభీర్యం పాడేవాళ్ళ తలలోనే మోగుతుంది. రికార్డు చేసి వినండి, బయటికి వచ్చేది మసకబారిన గొంతు.

ఊపిరి చాలనప్పుడు కూడా నాలుకే ఆదుకోవడానికి వస్తుంది, కాబట్టి పాటలో ఒక్కో పాదం మధ్యలో ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నారో కూడా చూసుకోవాలి. నొప్పి ఉంటే మాత్రం సాధన ఆపండి. బొంగురు 3 వారాలు దాటినా తగ్గకపోతే ఇ.ఎన్.టి. డాక్టరుకి చూపించండి. నాలుక పెదవి దాటి రాకుండా కిందికి అంటుకుని ఉన్నవాళ్ళు కూడా ఒకసారి చూపించుకోవాలి, అది సాధనతో పోయే బిగువు కాదు.

నేర్పేవాళ్ళని ఒక్కటే అడుగుతున్నాను. పిల్ల పై స్వరం అందుకోలేక అవస్థ పడుతుంటే, నోట్లోకి చూసి నాలుకని తిట్టకండి. తన గడ్డం కింద తన వేలే పెట్టుకుని, ముందు కింది షడ్జం పాడమనండి, తర్వాత పైది. ఎక్కడ గట్టిపడిందో ఆ పిల్లే మీకు చెబుతుంది.