ఎర్రసైన్యానికి మనిషి కావలెను

లోకంలో న్యాయంగా జరిగే యుద్ధం ఒకే ఒక్క చోట ఉంది. ఫిన్లాండ్‌లో, హెల్సింకి పక్కనున్న ఎస్పోలో, మా అపార్ట్‌మెంట్ కింది అంతస్తు క్లబ్బు గదిలో, ప్రతి శనివారం మధ్యాహ్నం రెండింటికి. రెండంటే రెండే. ఫిన్నిష్ వాళ్లు యుద్ధానికి కూడా లేటుగా రారు.

బల్ల మీద బొమ్మలతో మేం ఆడేది 1939 నాటి చలికాలపు యుద్ధం. ఆ ఏడాది నవంబర్ 30న సోవియట్ సైన్యం ఫిన్లాండ్ మీద పడింది. అటు 17 కోట్ల జనాభా, ఇటు 37 లక్షలు. చరిత్రకు బొత్తిగా సిగ్గు లేదు. మా గదిలో ఇలాంటివి చెల్లవు. ప్రతి బొమ్మకూ పాయింట్లుంటాయి. స్కీల మీద జారుకుంటూ వచ్చే ఫిన్నిష్ దళం ఖరీదెక్కువ, కాలినడకన వచ్చే ఎర్రసైనికుడు చవక. రెండు పక్కలా వెయ్యేసి పాయింట్లు సరిచూసుకున్నాకే తుపాకీ పేలాలి. ఈ రూలు స్టాలిన్‌కి ఎవరైనా సకాలంలో చెప్పి ఉండాల్సింది. 'అయ్యా, మీకు పాయింట్లు ఎక్కువయ్యాయి, కొన్ని డివిజన్లు ఇంట్లో పెట్టి రండి' అంటే సరిపోయేది.

ఒక్కటే చిక్కు. సోవియట్ పక్షాన ఆడటానికి ఎవరూ రారు. ఉన్న ఎనిమిది మందీ ఫిన్నిష్ సైన్యమే. సగం మందికి తాతలు ఆ యుద్ధంలో పోరాడారు. తాత మీద పాచిక వెయ్యమంటే ఎవరు వేస్తారు? అందుకని కొత్తగా చేరినవాడికి ఎర్రసైన్యాన్ని అంటగట్టడం ఆనవాయితీ. నేను కొత్త. పైగా కొత్తగూడెం వాణ్ణి. మే నెల ఎండల్లో పెరిగినవాడి చేతికి మైనస్ 40 డిగ్రీల్లో నిలబడ్డ సైన్యాన్ని ఇవ్వడంలో వాళ్లకు చారిత్రక సత్యమేదో కనిపించింది. "చలికి సిద్ధపడకుండా వచ్చిన సైన్యం కదా, నువ్వయితే సరిపోతావు" అన్నాడు క్లబ్బు పెద్ద, ఎంతో మర్యాదగా.

బొమ్మలు 28 మిల్లీమీటర్ల ఎత్తు. రంగులు మనమే వేసుకోవాలి. ఫిన్నిష్ సైనికుడు తెల్ల అంగీ తొడుక్కున్నది కనబడకుండా ఉండటానికి. సిమో హాయ్‌హా అనే స్నైపర్ అయితే ఊపిరి ఆవిరి పట్టిస్తుందని నోట్లో మంచు పెట్టుకునేవాడట. తల ఎత్తాల్సి వస్తుందని తుపాకీకి టెలిస్కోపు కూడా పెట్టుకోలేదు. అలాంటి మనిషి బొమ్మకు మావాళ్లు మూడు వారాలు కూర్చుని పదకొండు రకాల తెలుపులు పూస్తారు. ఫోటోలో కొట్టొచ్చినట్టు కనబడాలి మరి! దాక్కున్నవాడు దాక్కున్నట్టే ఉంటే ఇంత పనితనం ఎవరు చూడాలి? మా అమ్మ గనక ఆ బల్ల చూస్తే బొమ్మల కొలువనుకుని పేరంటానికి శనగలు నానబెట్టేది.

మంచు కూడా సొంత తయారీయే. వంట సోడా, తెల్ల జిగురు కలిపి పరచాలి. నా వాటా అడివికి మూడు ప్యాకెట్లు పట్టింది.

"ఏమండీ, బజ్జీల పిండిలోకి చిటికెడు సోడా కూడా మిగల్చలేదేం?" అంది మా ఆవిడ.

"యుద్ధభూమిలో మంచు తక్కువైంది."

"అయితే బజ్జీలు కూడా అక్కడే తినండి."

నా మొదటి యుద్ధం తొల్వయార్వి దగ్గర. 1939 డిసెంబర్ 10 రాత్రి అక్కడ ఓ సోవియట్ బెటాలియన్ అడివిలో చుట్టు తిరిగి ఫిన్నిష్ సైన్యం వెనక్కి చేరింది. ఎవరూ పసిగట్టలేదు. ఇంకొక్క తోపు తోస్తే గెలుపే. ఇంతలో దారిలో వంటపొయ్యి తగిలింది. దాని మీద సాసేజ్ సూపు ఉడుకుతోంది. చలికీ ఆకలికీ సగం చచ్చిన సైన్యం తినడానికి ఆగిపోయింది. ఈలోగా ఫిన్నిష్ కమాండర్ పయరి వంటవాళ్లనూ గుమాస్తాలనూ, చేతికి దొరికినవాళ్లందరినీ పోగేసి ఎదురుదాడి చేశాడు. ఫిన్నిష్ వాళ్లు దీన్ని ముద్దుగా 'మక్కరసోత' అంటారు. సాసేజ్ యుద్ధం.

మా క్లబ్బు రూలు ప్రకారం నా దళం ఆ పొయ్యికి ఆరంగుళాల దగ్గరికొస్తే పాచిక వెయ్యాలి. ఆరు పడితేనే ముందుకెళ్తుంది, లేకపోతే తింటూ కూర్చుంటుంది. పైకి అభ్యంతరం చెప్పాను గానీ, ఆ రూలు రాసినవాడికి మనుషులు తెలుసు. పెళ్లిలో మొదటి బంతిలో కూర్చున్న మా మేనమామను ఆరు కాదు, పన్నెండు పడ్డా లేపలేం. నా మూడు దళాలూ తిన్నాయి. సరిగ్గా అప్పుడే క్లబ్బు పెద్ద సాసేజ్‌లు వేడి చేసి, ఆవాల ముద్దతో పాటు పట్టుకొచ్చాడు. యుద్ధం ఇరవై నిమిషాలు ఆగింది. దానికి మాత్రం ఎవరూ పాచిక వెయ్యమనలేదు.

తర్వాతది రాతె రోడ్డు. పేరులోనే ఉంది నా రాత. 1940 జనవరి మొదటివారంలో సోవియట్ 44వ డివిజన్ ఆ ఇరుకు అడివి దారి మీద ట్యాంకులూ లారీలూ గుర్రాలతో బారులు తీరి ఇరుక్కుపోయింది. స్కీల మీద వచ్చినవాళ్లు ఆ బారును ముక్కలుగా నరికి, ఏ ముక్కకా ముక్కను చుట్టుముట్టారు. ఆ ముక్కను 'మొత్తి' అన్నారు. కొలతకు పేర్చిపెట్టిన కట్టెల దొంతరకు వాళ్ల మాట అది. మా ఊళ్లో అరుగు మీద బొగ్గుతో గీసి ఆడే పులిజూదంలో మేకల మంద కలిసి మూడు పులులను కట్టేస్తుంది. ఇక్కడ మూడు పులులే మందను కట్టేశాయి. పులిజూదంలో ఆరితేరిన నాకు ఇది అర్థమయ్యేసరికి సగం మంద లేదు.

మిగతా సగం చలికి పోయింది. ప్రతి వంతులో నా బండికో పాచిక, ఒకటి పడితే ఇంజన్ బిగుసుకుపోవాలి. గదిలో హీటర్ పుణ్యమా అని అందరూ టీషర్టుల్లో ఉన్నారు. నా మూడో ప్లటూన్ గడ్డకట్టి చస్తుండగా వెనక నుంచి ఒకాయన "కిటికీ కాస్త తియ్యండి, ఉక్కగా ఉంది" అన్నాడు.

ఒక శనివారమంతా ఒక స్కీ కొస గురించే నడిచింది. దేవదారు చెట్టు వెనక నక్కిన సైనికుడి స్కీ అర అంగుళం బయటికొచ్చింది. నా ట్యాంకు దాన్ని చూసినట్టా, చూడనట్టా? టేపు వచ్చింది, లేజర్ లైటు వచ్చింది, రూల్ పుస్తకం మూడు ఎడిషన్లూ వచ్చాయి. కోడిగుడ్డు మీద ఈకలు పీకడమని మనవాళ్లు తేలిగ్గా అనేస్తారు. వీళ్లు ఆ ఈకలకు రంగులు కూడా వేస్తారు. దారి మీద అసలు పోరు వారం రోజులు, మాకు ఆరు శనివారాలు పట్టింది. ఈ లెక్కన 105 రోజుల ఆ యుద్ధానికి 90 శనివారాలు కావాలి. అప్పటికి దేశాధినేతలకు వేరే హాబీ ఏదైనా దొరికి ఉండేది.

ఓడినందుకు నాకు పడ్డ శిక్ష కాఫీ కప్పులు కడగడం. అసలు రాతె రోడ్డులో ఓడిన కమాండర్ వినొగ్రాదొవ్‌ను ఆ జనవరిలోనే సొంత సైన్యం కాల్చి చంపింది. నేను కడిగిన కప్పులు తుడుస్తూ క్లబ్బు పెద్దే ఈ సంగతి చెప్పాడు. రూల్ పుస్తకంలో దానికి పాయింట్లు లేవు.

వచ్చేవారం ఫిబ్రవరి ఆడదామన్నాను. ఫిబ్రవరి 11న సుమ్మా దగ్గర మొదలైన పెద్ద దాడిలో నా పక్షానిదే పైచేయి కదా! నా ప్రతిపాదనను అందరూ శ్రద్ధగా విన్నారు. బల్ల చిన్నదని తేల్చారు. మా క్లబ్బు కాలెండర్లో డిసెంబర్ ఉంది, జనవరి ఉంది, మళ్లీ డిసెంబరే. మార్చి 13న యుద్ధం ఆగేసరికి వీపురి పట్నం సోవియట్ పాలైంది, సోవియట్‌కు వదులుకున్న కరేలియా ప్రాంతం నుంచి 4 లక్షల మందికి పైగా ఇళ్లు వదిలేసి వచ్చారు. "మా అమ్మమ్మ ఇల్లు అక్కడే. ఇప్పుడు రష్యాలో ఉంది" అని ఒకాయన బ్రష్ కడుక్కుంటూ అన్నాడు. నేను ఇంకేం మాట్లాడలేదు.

ఈలోగా మా మంచు పసుపు రంగుకు తిరిగింది. వంట సోడాతో ఇదే తంటా. రాతె రోడ్డు ఇప్పుడు దూరం నుంచి చూస్తే పులిహోరలా ఉంది, నా సైనికులు అందులో వేరుశనగ గుళ్లు.

మొన్న మా ఆఫీసులో గుంటూరు కుర్రాడొకడు చేరాడు. మంచు ఎప్పుడూ చూడలేదట.

"శనివారం ఖాళీయేనా తమ్ముడూ?" అని అడిగాను.

"ఖాళీయే అన్నా."

వచ్చేటప్పుడు రెండు ప్యాకెట్లు వంట సోడా తెమ్మన్నాను.