కాస్త ప్రాక్టికల్‌గా ఆలోచించండి

మొన్న సంక్రాంతి వెళ్లిన నాలుగో రోజు మా దూరపు చుట్టాల ఇంట్లో ఒక పెద్దమనిషి గంటసేపట్లో ప్రాక్టికల్ అనే మాటను పదకొండుసార్లు వాడారు. నేను లెక్కపెట్టాను. అంతకుమించి అక్కడ నేను చేసిన ఘనకార్యం ఏమీ లేదు. ఇంత గొప్ప మాటకు మన వ్యాకరణాల్లో ఒక్క సూత్రం కూడా లేకపోవడం నన్ను బాధించింది. కనుక ఆ పదకొండు ప్రయోగాలనూ ఆధారం చేసుకుని, ముందు తరాల సౌకర్యం కోసం నాలుగు ముక్కలు రాసిపెడుతున్నాను.

నిఘంటువు చూస్తే ఇది విశేషణం. ఆచరణకు వీలైనది, వాస్తవాన్ని చూసి నడుచుకునేది అని అర్థం. మన నోట్లో పడగానే వెనకాల ఒక 'గా' తగిలించుకుని క్రియావిశేషణం అయిపోతుంది. ముందు 'కాస్త' తప్పనిసరి. తర్వాత వచ్చే క్రియ 'ఆలోచించు'. అదీ మధ్యమ పురుషలోనే. 'నేను కాస్త ప్రాక్టికల్‌గా ఆలోచించి నా వాటాలో అరెకరం తమ్ముడికి వదిలేశాను' అన్నవాడు మా జిల్లాలో ఇంకా పుట్టలేదు. వదులుకోవాల్సింది నువ్వు. కాబట్టి ఆలోచించాల్సిందీ నువ్వే.

ఈ పనికి మనకు లౌక్యం అనే సొంత మాట ఉంది కదా అని మీరు అడగవచ్చు. ఉంది. కానీ లౌక్యం అనగానే ఎదుటివాడు జేబు తడుముకుంటాడు. ప్రాక్టికల్ అంటే అలా కాదు, ల్యాబ్ వాసన వస్తుంది. సైన్సును ఎవరు కాదంటారు?

ల్యాబ్ అంటే గుర్తొచ్చింది. ఈ మాటకు అసలు అర్థం నాకు ఇంటర్ రెండో ఏడులో తెలిసింది. మా ఎంపీసీ వాళ్లకు ఫిజిక్స్‌కు 30, కెమిస్ట్రీకి 30 ప్రాక్టికల్ మార్కులు. పరీక్ష రోజు పొద్దున్నే తలా ఇంతని వసూలు చేశారు. ఎక్స్‌టర్నల్‌గారి బిర్యానీకి కొంత, అటెండర్‌కు కొంత. కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఒక్కొక్కరికీ కాగితం పొట్లంలో చిటికెడు పొడి ఇచ్చారు. పరీక్షలు చేసి అది ఏ లవణమో మేం కనిపెట్టాలి. అటెండర్ బల్లల మధ్య నడుస్తూ, రైల్లో పల్లీలమ్మే గొంతుతో, 'మూడు, అమ్మోనియం క్లోరైడ్... నాలుగు, కాపర్ సల్ఫేట్...' అని చెప్పుకుపోయాడు. నాలుగోవాడి పొట్లంలో నీలం రంగు పొడి ఉంది, వాడికి చెప్పకపోయినా తెలిసేది. నాది మూడు. జవాబు ముందు రాసుకుని, అక్కణ్నుంచి పైకి పాక్కుంటూ వెళ్లాను. నెస్లర్ కారకంతో గోధుమరంగు అవక్షేపం వచ్చింది. సిల్వర్ నైట్రేట్ కలిపితే పెరుగులాంటి తెల్లటి అవక్షేపం వచ్చింది. నిజానికి నా టెస్ట్‌ట్యూబ్‌లో ఆ రోజు పడిందల్లా పక్కవాడి పెన్ను మూత.

మర్నాడు ఫిజిక్స్, లోలకం. మీటరు దారానికి గుండు కట్టి, 20 డోలనాలకు ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, భూమి గురుత్వ త్వరణం లెక్కకట్టాలి. 980 రావాలని అందరికీ తెలుసు. కాబట్టి 40 సెకన్ల పైన కాస్త చిల్లర రాసుకుని గుండు జోలికి పోలేదు. మా వరసలో ఒక్కడు మాత్రం నిజంగానే దారం కట్టి, పెదవులు కదుపుతూ డోలనాలు లెక్కపెట్టాడు. వాడికి ముప్ఫైతొమ్మిదిన్నర సెకన్లు వచ్చింది. 1012 అని వేశాడు.

"ఏంట్రా, మన కాలేజీ కింద భూమి బరువెక్కిందా?" అన్నారు సారు.

"నాలుగుసార్లు చేశాను సార్. ఆ స్టాప్‌వాచే కాస్త నెమ్మదిగా నడుస్తున్నట్టుంది."

"కాస్త ప్రాక్టికల్‌గా ఆలోచించరా. 980 వెయ్యి."

వాడు వెయ్యలేదు. మాకు 30, వాడికి 24. ఆ ల్యాబ్‌లో ప్రాక్టికల్ చేసింది వాడొక్కడే, ప్రాక్టికల్‌గా లేనిదీ వాడొక్కడే.

రాజకీయాల్లో ప్రయోగాల గురించి విడిగా చెప్పక్కర్లేదు. ఫిరాయింపులు ఆపడానికి 1985లో రాజ్యాంగానికి పదో షెడ్యూలు చేర్చారు. నియోజకవర్గ అభివృద్ధి కోసం కండువా మార్చేవాళ్లు ఆ తర్వాత కూడా ప్రాక్టికల్‌గానే ఉన్నారు.

పెద్దమనిషి దగ్గరికి వస్తాను. ఆయన మా చుట్టాల అల్లుడికి మేనమామ. మూడేళ్ల కిందట ఆ ఇంట్లోనే, ఆ కుర్చీలోనే కూర్చుని, "కట్నం అనే మాట మా ఇంటావంటా లేదు బావగారూ. ప్రాక్టికల్‌గా మాట్లాడుకుందాం" అన్నారు. ఆ తర్వాత మాట్లాడుకున్నవి 40 లక్షలు, గుంటూరు శివార్లలో ఒక స్థలం, ఆడపడుచు లాంఛనాలు. వరకట్న నిషేధ చట్టం 1961 నాటిది. ఇచ్చినా పుచ్చుకున్నా ఐదేళ్లకు తగ్గకుండా జైలు అని అందులో రాసి ఉంది. ఆ సాయంత్రం మైసూర్‌పాకులు తింటూ ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనూ రెండు తిన్నాను.

ఆ అమ్మాయి ఈసారి పండక్కి వచ్చి, తిరిగి వెళ్లనంది. మాకు కాఫీ అందిస్తూ చున్నీ మోచేతి మీదికి లాక్కుంటోంది. నాకు గ్లాసు ఇచ్చేటప్పుడు చున్నీ జారింది. నాలుగు వేళ్ల అచ్చు, పచ్చబడుతూ.

"మొగుడూ పెళ్లాలన్నాక మామూలేనమ్మా. వాడికి కాస్త ఆవేశం ఎక్కువ. కేసులంటే ఏళ్లు పడతాయి. నీ వెనక చెల్లెలుంది. కాస్త ప్రాక్టికల్‌గా ఆలోచించు."

నా సూత్రాలు ఇక్కడితో సరి. ఎవడు ఆలోచించాలి? కొట్టినవాడా, దెబ్బలు తిన్న పిల్లా? భార్యను హింసించేవాళ్ల కోసం 1983 నుంచి ఐపీసీలో 498ఏ ఉంది. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్. మూడేళ్ల దాకా జైలు. పెళ్లాం మీద చెయ్యెత్తే ముందు ఆ మూడేళ్లు గుర్తుచేసుకోవడం ప్రాక్టికల్ కాదా? ఆ మేనల్లుడి భుజం మీద చెయ్యేసి, ఒరేయ్, కాస్త ప్రాక్టికల్‌గా ఆలోచించు అని ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, చెప్పారా మీరు? 40 లక్షలు మింగినవాడికి ఆవేశం వస్తుందట. దానికి ఈ పిల్ల సర్దుకుపోవాలట. థూ.

ఇదంతా ఇప్పుడు రాస్తున్నాను. అక్కడ ఒక్క ముక్కా అనలేదు. ఎనిమిది, తొమ్మిది అని లెక్కపెట్టుకుంటూ కాఫీ తాగాను. వాళ్ల నాన్న నేలచూపులు చూస్తూ కూర్చున్నాడు.

అమ్మాయి ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లింది. తలుపు తీసే ఉంది. చెల్లెలు చాప మీద బోర్లా పడుకుని ఇంటర్ రికార్డు రాసుకుంటోంది. వచ్చే నెలలో ప్రాక్టికల్స్. స్కేలు పెట్టి లోలకానికి దారం గీస్తున్నదల్లా, అక్క పక్కన వచ్చి కూర్చోగానే ఆపేసింది.

హాల్లో ఆయన మళ్లీ అన్నారు. అది పదకొండోది.